రెండు ఆడగొంతులు పక్కపక్కన రాకూడదా? కంట్రీ రేడియో లోపల జరిగేది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. ఫ్రిస్కోలో పెరుగుతున్న మీ పాపకి పదహారేళ్లు. గిటార్ పట్టుకుని తనే పాటలు రాసుకుంటోంది, కాలేజీకి నాష్‌విల్ వెళ్తానంటోంది, అమెరికా పల్లె బాణీ అయిన కంట్రీ సంగీతానికి కేంద్రం ఆ ఊరే. తెలిసినవాళ్లేమో "కంట్రీలో ఆడపిల్లల పాటలు రేడియోలో వెయ్యరు, అటు పంపకండి" అన్నారు. అలాగైతే డాలీ పార్టన్, షనయా ట్వైన్, టేలర్ స్విఫ్ట్ ఎలా పైకి వచ్చారు, జనం వినకపోతేనే కదా స్టేషన్లు వెయ్యనిది అన్నది మీ అనుమానం.

నేను టెనెసీలో ఒక చిన్న ఊరి కంట్రీ స్టేషన్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి మూడేళ్లు యాడ్స్ లాగ్ (ఏది ఎప్పుడు మోగిందన్న పట్టిక) చూశాను, తర్వాత ఆరేళ్లు పాటల షెడ్యూలింగ్ నా చేతిలోనే ఉండేది. కాబట్టి బయటి మాటలు కాకుండా లోపల కూర్చుని చూసింది చెప్తాను.

ముందు సూటిగా జవాబు. మీకు చెప్పినవాళ్ల మాట చాలావరకు నిజం. మీ అనుమానంలో మొదటి సగం సరైన ప్రశ్న, రెండో సగం తప్పు. పేరు, అవార్డులు, అమ్ముడుపోయిన ఆల్బమ్‌లు ఒక ఖాతా. రోజుకి పాట ఎన్నిసార్లు మోగిందన్నది ఇంకో ఖాతా. ఆడవాళ్ల విషయంలో ఈ రెండు ఖాతాల లెక్క కలవదు. "జనం వినరు" అనే మాట పుట్టింది జనంలో కాదు, నేను కూర్చున్న గదిలాంటి గదుల్లో.

ఆ గది ఎలా ఉంటుందో చెప్తాను. స్టూడియో వెనకాల కిటికీ లేని చిన్న గది, ఒక కంప్యూటర్, గోడకి గడియారం బొమ్మ గీసిన కాగితం. గంటని పాటల గడులుగా కోస్తాం. యాడ్స్, వార్తలు పోను గంటకి పన్నెండు పదమూడు పాటలు పడతాయి. ఏ గడిలో కొత్త పాట, ఏ గడిలో ఏడాది రెండేళ్ల కిందటి పాట, ఏ గడిలో పాత హిట్ అన్నది ముందే రాసి ఉంటుంది. కొత్త పాటలు ఒక సమయంలో మహా అయితే ముప్ఫై. వాటిలో బాగా నడుస్తున్న ఏడెనిమిది పాటలు మాత్రం రెండున్నర, మూడు గంటలకోసారి తిరిగి వస్తూనే ఉంటాయి. మీరు కార్లో వెళ్తూ వచ్చేటప్పుడు అదే పాట మళ్లీ వినడం అందుకే.

ప్రతి పాటకీ కంప్యూటర్లో ఒక కార్డు ఉంటుంది. పాట పేరు, గాయకుడి పేరు, నిడివి, వేగం, హుషారా దిగులా అన్న వివరం, చివర్లో ఒక చిన్న గడి: మగ, ఆడ, గ్రూపు. ఆ చివరి గడికి ఒక నియమం తగిలించి ఉండేది: ఆడగొంతు తర్వాత ఆడగొంతు రాకూడదు. నేను చేరేనాటికే అది ఉంది. ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు. ముందున్న ప్రోగ్రామ్ డైరెక్టర్ (స్టేషన్‌లో ఏం మోగాలో తేల్చే మనిషి) పెట్టాడని ఒకరు, సలహాదారు చెప్పాడని ఇంకొకరు. మగగొంతులకి మాత్రం అలాంటి అడ్డేమీ లేదు. ఆరుగురు మగవాళ్లు వరసగా వచ్చినా కంప్యూటర్ ఏమీ అనదు. ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన పడితే చాలు, ఎర్రగీత.

ఒకరోజు పొద్దున ఏడు గంటల గడిలో ఒక కొత్త అమ్మాయి పాట పడింది. జనం ఆఫీసులకి బయల్దేరే వేళ, అంతకంటే మంచి సమయం లేదు. కానీ ముందు గడిలో ఇంకో గాయని పాత హిట్ ఉంది. ఎర్రగీత వచ్చింది. కొత్త పాటని ఎనిమిదికి జరిపాను, అక్కడా ఆడగొంతే. తొమ్మిదిన్నరకి జరిపితే పక్కన ఇద్దరు మగవాళ్లూ ఒక అమ్మాయీ ఉన్న గ్రూపు, మా నియమం ప్రకారం అదీ ఆడగొంతే. అలా జరుపుతూ జరుపుతూ పోతే చివరికి ఆ పాటకి దొరికిన చోటు తెల్లవారుజామున మూడు గంటలు. ఊళ్లో లారీ డ్రైవర్లు, ఆస్పత్రి నైట్ డ్యూటీవాళ్లు తప్ప ఎవరూ వినని వేళ. ఆ అమ్మాయి మీద ఎవరికీ కోపం లేదు, ఎవరూ కూర్చుని నిర్ణయం తీసుకోలేదు. ఎర్రగీత పోగొట్టాలి కాబట్టి నేనే నా చేత్తో జరిపాను. ఆరేళ్లలో ఎన్నిసార్లు అలా చేశానో లెక్క లేదు. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి అదే కారణం.

మా ఒక్క స్టేషన్ సంగతే అయితే మీకు చెప్పే పని లేదు. 2020 జనవరిలో ఒక సంగీత విలేకరి, లాస్ ఏంజలెస్‌లో ఒక కంట్రీ స్టేషన్ ఇద్దరు గాయనుల పాటలు వెంటవెంటనే వేసిందని ఆశ్చర్యపడుతూ ట్వీట్ చేశాడు. దానికి మిషిగన్‌లోని ఒక స్టేషన్ బహిరంగంగా జవాబిచ్చింది: మేం ఇద్దరు ఆడవాళ్లని పక్కపక్కన వెయ్యలేం, ఇంకో ఆడగొంతు పక్కన లేడీ యాంటిబెలమ్‌ని గానీ లిటిల్ బిగ్ టౌన్‌ని గానీ కూడా వెయ్యలేం అని. మొదటి గ్రూపులో ముగ్గురిలో ఇద్దరు మగవాళ్లే. రెండోదాంట్లో నలుగురిలో ఇద్దరు మగవాళ్లు. ఆ ట్వీట్ చూసి చాలామంది నివ్వెరపోయారు, కేసీ మస్‌గ్రేవ్స్ లాంటి గాయనులు గట్టిగా మండిపడ్డారు. నాకు మాత్రం మా కంప్యూటర్లో రోజూ చూసే గీతే కళ్ల ముందు కనపడింది. ఆ గొడవ నడుస్తున్న నెలలోనే సీఎంటీ అనే టీవీ ఛానల్ తన వీడియో గంటల్లో ఆడామగా సగం సగం వేస్తానని ప్రకటించింది. అంతకుముందు అక్కడ ఆడవాళ్ల వాటా నలభై శాతం. అది రేడియో కాదు కాబట్టి చార్టులు పెద్దగా కదల్లేదు గానీ, చెయ్యాలనుకుంటే ఒక్కరోజులో చెయ్యొచ్చని అందరికీ తెలిసింది.

అంతకు అయిదేళ్ల ముందు, 2015 మే నెలలో కీత్ హిల్ అనే రేడియో సలహాదారు ఒక పరిశ్రమ పత్రికకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. రేటింగులు కావాలంటే ఆడవాళ్ల పాటలు తీసెయ్యండి అని సలహా. సలాడ్‌లో ఆకులు మగ గాయకులట, ఆడవాళ్లు పైన అక్కడక్కడా వేసే టొమాటో ముక్కలట. మన మాటలో చెప్పాలంటే కూరలో కరివేపాకు. వాసనకి రెండు రెబ్బలు కావాలి, తినేటప్పుడు ఏరి పక్కన పెట్టాలి. గాయని మార్టినా మెక్‌బ్రైడ్ ఆ మాటనే టీషర్టుల మీద అచ్చు వేయించి సేవా నిధికి అమ్మింది. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మిగతా సలహాదారులు మీటింగుల్లో తలుపులు వేసుకుని చెప్పే మాటని ఆయన బయటికి చెప్పాడు. దాంతో అప్పటిదాకా గాలిలో ఉన్న అనుమానాన్ని జనం కొలవడం మొదలుపెట్టారు.

కొలిచినవాళ్లలో ముఖ్యురాలు జాడా వాట్సన్, ఒట్టావా విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు. ఏటేటి ఎయిర్‌ప్లే జాబితాలు, అంటే రేడియోలో ఏ పాట ఎన్నిసార్లు మోగిందన్న జాబితాలు తీసి లెక్క కట్టింది. 2000లో ఏడాది చివరి కంట్రీ జాబితాలో ఆడవాళ్లు పాడిన పాటలు మూడో వంతు. 2018 వచ్చేసరికి 11 శాతం. ఉన్న వాటాలోనే మూడింట రెండు వంతులు కరిగిపోయాయి. 2018 డిసెంబరులో ఒక వారం, బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వేసే కంట్రీ ఎయిర్‌ప్లే చార్ట్ మొదటి 20 పాటల్లో ఒక్క గాయని కూడా లేదు. ఆ చార్ట్ 1990లో మొదలైంది, అలా జరగడం అదే మొదటిసారి. తర్వాత వాట్సన్, ఒక డేటా విలేకరి కలిసి పెద్ద స్టేషన్ల 2022 లాగ్‌లు తీసి, ఇద్దరు ఆడవాళ్ల పాటలు పక్కపక్కన ఎంత తరచుగా వస్తున్నాయో చూశారు. సగటున 0.5 శాతం. రెండొందలసార్లు పాట మారితే ఒక్కసారి. ఇది యాదృచ్ఛికంగా వచ్చే అంకె కాదండీ, ఎర్రగీతలుంటేనే వచ్చే అంకె.

ఇప్పుడు మీరన్న "జనం వినరు" దగ్గరికి వద్దాం. ఈ మాట అబద్ధమని ఊరికే కొట్టిపారెయ్యను, ఎందుకంటే స్టేషన్ల దగ్గర దానికి కాగితాలుంటాయి. శ్రోతలకి పాటలోని పది సెకన్ల ముక్క వినిపించి, గుర్తుపట్టారా, నచ్చిందా, విసుగొచ్చిందా అని అడిగే సర్వేలు అవి. ఆ కాగితాల్లో కొత్త గాయనుల పాటలకి చాలాసార్లు తక్కువ మార్కులే వచ్చేవి. నేనూ చూశాను. అయితే ఆ సర్వేలో అన్నిటికంటే బరువున్న గడి "ఈ పాట మీకు తెలుసా" అన్నది. తెలిసిన పాట నచ్చుతుంది, తెలియని పాటకి భుజాలెగరేస్తారు. తెల్లవారుజామున మూడింటికి మోగిన పాట ఎవరికి తెలుస్తుంది? తక్కువసార్లు వేస్తాం కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి మార్కులు రావు, మార్కులు రాలేదు కాబట్టి ఇంకా తక్కువసార్లు వేస్తాం. మొక్కకి నీళ్లు ఆపేసి, ఈ నేలలో ఇది పెరగదు అని రాసిపెట్టుకున్నట్టు.

ప్రోగ్రామ్ డైరెక్టర్లందరూ ఆడవాళ్లంటే గిట్టనివాళ్లని మీరనుకుంటే అదీ పొరపాటే. మా డైరెక్టర్‌కి ఇద్దరు కూతుళ్లు, ఇంట్లో గాయని ట్రిషా ఇయర్‌వుడ్ పాటలే పెట్టుకునేవాడు. ఆయన భయం వేరు. కంట్రీ స్టేషన్‌కి యాడ్స్ ఇచ్చేవాళ్లకి ముఖ్యమైన శ్రోతలు పాతికేళ్ల నుంచి యాభైనాలుగేళ్ల మధ్య ఆడవాళ్లు. వాళ్లకి మగగొంతే ఇష్టమని పరిశ్రమలో ఎప్పట్నుంచో ఒక నమ్మకం. రేటింగ్ అరపాయింటు పడితే కంపెనీ ఫోన్ చేస్తుంది. అందరూ చేసేదే తనూ చేస్తే ఉద్యోగం పోదు. కొత్తగా చేసి రేటింగ్ పడితే పోతుంది. ఆ భయమే నియమాన్ని ఇన్నేళ్లు కాపాడింది.

చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలనిపిస్తోంది. మాది తెనాలి. మధ్యాహ్నాలు మా అమ్మ వివిధ భారతి పెట్టుకుని బియ్యం ఏరుకునేది. ఒక సుశీల పాట అయ్యాక ఇంకో సుశీల పాట వచ్చిందని ఎవరూ రేడియో కట్టెయ్యలేదు. పైగా మా అమ్మ "కాస్త పెంచవే" అనేది. ఆడశ్రోతకి ఆడగొంతు విసుగన్న మాట మొదటిసారి ఇక్కడ మీటింగులో విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ బియ్యం చేటే. వేరే దేశం, వేరే పాటే, కాదనను. కానీ ఆ విసుగు ఆడవాళ్ల చెవుల్లో పుట్టుకతో వచ్చింది కాదని మాత్రం నేను చిన్నప్పుడే చూశాను.

అమెరికాలోనే దీనికి ఋజువుంది. 1952లో కిట్టీ వెల్స్ అనే గృహిణి, ఇక పాటలు మానేద్దామనుకుంటున్న రోజుల్లో, రికార్డింగుకి 125 డాలర్లు వస్తాయని ఒక పాట పాడింది. బార్లలో కనిపించే ఆడవాళ్లని నిందించిన ఒక మగవాడి హిట్‌కి అది జవాబు, వాళ్లు చెడిపోవడంలో మగవాళ్ల పాత్ర లేదా అని. ఎన్‌బీసీ రేడియో నెట్‌వర్క్ దాన్ని నిషేధించింది. అయినా అది బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఒంటరిగా పాడిన గాయని అక్కడికి చేరడం అదే మొదలు. ఆడవాళ్ల రికార్డులు అమ్ముడుపోవని అప్పటికి నాష్‌విల్‌లో స్థిరపడిపోయిన అభిప్రాయం. ఆ ఒక్క పాటతో అది తలకిందులైంది. ఆమె వెనకే ప్యాట్సీ క్లైన్, లొరెట్టా లిన్, టామీ వైనెట్, డాలీ వచ్చారు.

లొరెట్టా లిన్ కథ మీ పాపకి తప్పకుండా చెప్పండి. కెంటకీ బొగ్గుగని కార్మికుడి కూతురు, పదిహేనేళ్లకే పెళ్లి, ఇరవై నిండేసరికి నలుగురు పిల్లలు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే అతిపెద్ద అవార్డు, ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్, గెలిచిన మొదటి ఆడమనిషి. 1975లో గర్భనిరోధక మాత్రల గురించి పాడిన పాట విడుదలైతే పదుల సంఖ్యలో స్టేషన్లు మేం వెయ్యం అన్నాయి. పాట రికార్డు చేసింది 1972లోనే, బయటికి రావడానికి మూడేళ్లు పట్టింది. అన్నేసి స్టేషన్లు తలుపులేసినా అది కంట్రీ చార్టులో అయిదో స్థానం దాకా వెళ్లింది. అప్పట్లో స్టేషన్లు ఎవరికి వారివి. ఒక ఊళ్లో ఆపితే పక్క ఊళ్లో వేసేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1990ల చివర మంచి కాలం. షనయా, ఫెయిత్ హిల్, ట్రిషా, మార్టినా, రీబా, డిక్సీ చిక్స్, అందరూ ఒకేసారి రేడియోలో ఉన్నారు. 1997లో వచ్చిన షనయా ఆల్బమ్ ప్రపంచమంతటా నాలుగు కోట్లకి పైగా అమ్ముడైంది. కంట్రీలో ఆ అంకె ఇంకెవరూ అందుకోలేదు. ఇదే దేశం, ఇవే ఊళ్లు, చాలావరకు ఇవే చెవులు. ఆడగొంతు వినలేని జనమైతే ఆ ఏళ్లలో ఎలా విన్నారు? నా మటుకు "జనం వినరు" అనే వాదన ఇక్కడే ఆగిపోతుంది.

మరి తర్వాత ఏమైంది? నేను చూసినంతలో ప్రధాన కారణం సంగీతం కాదు, 1996 నాటి టెలికాం చట్టం. అంతకుముందు ఒక కంపెనీ దేశమంతటా నలభై స్టేషన్లకి మించి ఉంచుకోకూడదు. ఆ హద్దు ఎత్తేశారు. కొన్నేళ్లలోనే క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతికి దాదాపు పన్నెండొందల స్టేషన్లు వచ్చాయి. ఊరూరా పాటలు ఎంచుకునే మనుషులు తగ్గారు. ఒకరిద్దరు పైనుంచి జాబితా పంపడం, మిగతావాళ్లు అదే వెయ్యడం మొదలైంది. లొరెట్టా కాలంలో పక్క ఊరికి వెళ్లే దారి ఉండేది. ఇప్పుడు పక్క ఊరిదీ అదే జాబితా.

దాని బలం 2003లో కనపడింది. ఇరాక్ యుద్ధానికి ముందు మార్చిలో లండన్ వేదిక మీద, ముగ్గురు ఆడవాళ్ల గ్రూపు డిక్సీ చిక్స్ గాయని నాటలీ మెయిన్స్, అధ్యక్షుడు బుష్ మా టెక్సస్ వాడని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాం అన్న అర్థంలో ఒక మాటంది. అప్పుడు వాళ్ల పాట చార్టులో మొదటి స్థానంలో ఉంది. రోజుల్లోనే వందల స్టేషన్లలో మూగబోయింది, చార్టులోంచి జారిపోయింది. నాలుగేళ్ల తర్వాత ఆ ముగ్గురే, కంట్రీ రేడియో ఆసరా లేకుండా, ఒక్క రాత్రి అయిదు గ్రామీ అవార్డులు గెలిచారు. రెండు ఖాతాలు వేరని నేనన్నది ఇదే. ఇంకో నష్టం కూడా జరిగింది. నోరున్న ఆడవాళ్లతో చిక్కు అనే పాఠం పరిశ్రమలో చాలామంది మనసుల్లో నాటుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన గాయనులు ఇంటర్వ్యూల్లో ఎంత ఆచితూచి మాట్లాడేవారో స్టేషన్‌కి వచ్చినప్పుడు నేనే చూశాను.

ఆ స్టేషన్ యాత్ర గురించి ఒక్క మాట. కొత్తగా కాంట్రాక్టు దొరికిన పిల్లని రికార్డు కంపెనీ ఊరూరా తిప్పుతుంది. వంద స్టేషన్లు పైగానే. కాన్ఫరెన్స్ రూమ్‌లో పిజ్జా తింటున్న ఆరుగురి ముందు గిటార్‌తో మూడు పాటలు పాడి, నవ్వి, ఫోటో దిగి, మళ్లీ కారెక్కాలి. అబ్బాయిలూ చేస్తారు. కానీ అబ్బాయి వెళ్లిపోయాక "పాట బాగుంది" అంటారు. అమ్మాయి వెళ్లాక "పాట బాగుంది గానీ ఇప్పటికే జాబితాలో ఇద్దరమ్మాయిలున్నారు" అంటారు. నేను ఆ గదిలో ఉన్నాను, ఆ మాట చాలాసార్లు విన్నాను. అంటే మీ పాపకి పోటీ అందరితో కాదు, ఆ రెండు మూడు కుర్చీల్లో కూర్చున్న తోటి అమ్మాయిలతో.

వయసు సంగతి ఇంకా బాధ. కాలిఫోర్నియాలోని యూఎస్‌సీ పరిశోధకులు 2014 నుంచి 2018 దాకా అయిదేళ్ల కంట్రీ హిట్లు 500 చూస్తే కళాకారుల్లో ఆడవాళ్లు 16 శాతం, పాట రాసినవాళ్లలో 12 శాతం. బాగా విజయం సాధించినవాళ్ల సగటు వయసు మగవాళ్లకి 42, ఆడవాళ్లకి 29. మగవాడి కెరీర్ ఊపందుకునే వయసుకి ఆడమనిషిని రేడియో ఇంటికి పంపేస్తోంది.

రాసేవాళ్ల శాతం చూశారు కదా, అక్కడ డబ్బు లెక్క ఒకటి ఉంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే పాడినవాళ్లకి పైసా రాదు. రాసినవాళ్లకి, పాట హక్కులు చూసే పబ్లిషర్‌కి మాత్రమే వస్తుంది. అందుకే నాష్‌విల్‌లో పాట రాసి బతకడం అంటే రేడియో హిట్ రాయడమే అనుకునేవారు. రేడియోలో మగగొంతులే ఉంటే రాసేవాళ్లు మగగొంతుకే రాస్తారు. వాళ్ల పక్కన కూర్చుని రాసే అవకాశం కూడా అబ్బాయిలకే ముందొస్తుంది. మీ పాప తనే రాసుకుంటోంది అన్నారు చూడండి, మీ ప్రశ్నలో నాకు ధైర్యమిచ్చింది అదే.

నల్లజాతి గాయనుల సంగతి దీనికి రెట్టింపు. లిండా మార్టెల్ 1969లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ వేదిక మీద పాడింది, చార్టులో 22వ స్థానం దాకా వచ్చింది, తర్వాత దారులు మూసుకుపోయాయి. మిక్కీ గైటన్‌కి 2011లో పెద్ద కంపెనీ కాంట్రాక్టు దొరికితే పూర్తి ఆల్బమ్ రావడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో బియాన్సే పాట స్ట్రీమింగ్, అమ్మకాలు కూడా కలిపే హాట్ కంట్రీ సాంగ్స్ చార్టులో మొదటి స్థానం పట్టింది. కేవలం రేడియో లెక్క మీద నడిచే ఎయిర్‌ప్లే చార్టులో మాత్రం మొదటి 30లోకి కూడా రాలేదు. మరుసటి ఏడాది ఆ ఆల్బమ్‌కి గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. 2019లో కేసీ మస్‌గ్రేవ్స్‌దీ ఇదే కథ. అదే పెద్ద గ్రామీ గెలిచిన ఆల్బమ్‌లోంచి ఒక్క పాటా కంట్రీ రేడియోలో మొదటి పదిలోకి రాలేదు. తెల్లజాతివాళ్లు కాని మన పిల్లలకి ఈ గుమ్మం ఇంకో అడుగు ఎత్తుగా ఉంటుందని మీకు ముందే చెప్పడం నా బాధ్యత.

ఇప్పుడేమైనా మారిందా అంటే, కొంత. లూజియానా పల్లెటూరి అమ్మాయి లేనీ విల్సన్ 2011లో నాష్‌విల్ వచ్చి, ఒక స్టూడియో బయట క్యాంపర్ ట్రైలర్‌లో ఏళ్ల తరబడి కాపురం పెట్టింది. రేడియోలో తొలి నంబర్ వన్ 2021లో. 2023లో ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్. 2011లో టేలర్ స్విఫ్ట్ తర్వాత ఆ అవార్డు మళ్లీ ఒక ఆడమనిషికి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఎల్లా ల్యాంగ్లీ రైలీ గ్రీన్‌తో కలిసి పాడిన పాటతో 2024 చివర రేడియోలో మొదటి స్థానానికి వెళ్లింది. కార్లీ పియర్స్ కూడా 2020లో ఒక మగ గాయకుడితో జంటగా పాడి మొదటి స్థానం చూసింది. ఈ జంటపాటల వెనక కిటుకు షెడ్యూలింగ్ గదిలో ఉంది. మా కంప్యూటర్లో జంటపాటకి మగ అనే గుర్తు వేసేవాళ్లం. ఎర్రగీత రాదు. పక్కన ఒక మగవాడుంటే ఆ అమ్మాయి గొంతు పొద్దున ఏడింటికి హాయిగా మోగేది.

2020లో ఆ ట్వీట్ గొడవ జరుగుతున్నప్పుడు నేను మా డైరెక్టర్‌ని ఒక్క ఆదివారం నియమం తీసి చూద్దామని అడిగాను. ఒప్పుకున్నాడు. ఆ రోజు ఇద్దరు, ఒకచోట ముగ్గురు గాయనులు వరసగా వచ్చారు. ఫోన్ దగ్గరే కూర్చున్నాను. వచ్చిన కాల్స్ మామూలుగా వచ్చినన్నే. ఒక్కరూ ఇన్ని ఆడగొంతులేమిటని అనలేదు. ఒక పెద్దావిడ మాత్రం ఇప్పుడయిన పాట ఎవరిది, మళ్లీ ఎప్పుడు వేస్తారు అని అడిగింది. నెలల తరబడి తెల్లవారుజామున మోగిన పాట అది. ఒక ఆదివారంతో ఏదీ రుజువైపోదు, నాకూ తెలుసు. కానీ సోమవారం పొద్దున నియమం మళ్లీ పెట్టమన్నప్పుడు నా చెయ్యి ఆడలేదు. ఏడాదికి ఆ ఉద్యోగం వదిలేశాను.

మీ పాప విషయానికొస్తే, పంపొద్దని నేననను. రేడియో మీద ఆశ పెట్టుకుని పంపొద్దంటాను. చదువుకి నాష్‌విల్‌లో బెల్మాంట్ విశ్వవిద్యాలయంలో పాటల రచన మీదే డిగ్రీ ఉంది. దగ్గర్లో మర్ఫ్రీస్‌బరోలో మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీలో రికార్డింగ్ పరిశ్రమ చదువు ఉంది. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం, రెండిటి ఫీజులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. వెళ్లేలోపు ఒకసారి సెలవులకి తీసుకెళ్లి సోమవారం రాత్రి లిజనింగ్ రూమ్ కెఫేలో కూర్చోబెట్టండి. 2014 నుంచి అక్కడ సాంగ్ సఫ్రజెట్స్ పేరుతో రాసే అమ్మాయిలే వరసగా కూర్చుని పాడుతూ వచ్చారు, ఆ రాత్రి కార్యక్రమం ఉందో లేదో ముందే కనుక్కోండి. అయిదుగురు ఆడగొంతులు ఒకదాని తర్వాత ఒకటి, హాలు నిండా జనం. బ్లూబర్డ్ కెఫే ఎలాగూ చూస్తారు, టేలర్ స్విఫ్ట్‌ని రికార్డు కంపెనీ వ్యక్తి గుర్తించింది అక్కడే.

డబ్బిస్తే రేడియోలో వేయిస్తామనేవాళ్లు తప్పకుండా తగులుతారు, ఒక్క డాలర్ ఇవ్వకండి. ఎప్పటికైనా కంపెనీ కాంట్రాక్టు ముందుకొస్తే సంగీత రంగంలో పనిచేసే లాయర్‌కి చూపించకుండా సంతకం వద్దు. ఆ కంపెనీని ఒక్క ప్రశ్న అడగమనండి: గత మూడేళ్లలో ఎంతమంది అమ్మాయిల పాటలు రేడియోకి తీసుకెళ్లారు, ఒక్కో పాట మీద ఎన్ని వారాలు నిలబడ్డారు? అమ్మాయిల పాట పైకి పాకడానికి ఏడాది దాకా పడుతుంది. ఇరవయ్యో వారంలో చేతులెత్తేసే కంపెనీ అయితే ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఇక ఇవాళే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. ఎవరితోనైనా కలిసి పాట రాస్తే, ఆ గదిలోంచి లేవకముందే ఒక కాగితం మీద పాట పేరు, తేదీ, ఎవరి వాటా ఎంత శాతం అన్నది రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఫోన్లో ఫోటో తీసుకోమనండి. స్నేహితురాలితో రాసినా సరే. ఇప్పటిదాకా రాసిన పాటలకి కూడా ఈ వారాంతం కూర్చుని పెట్టించండి. ఆ కాగితాల నమూనా కావాలంటే కింద అడగండి, నేను వాడేది తెలుగులో వివరించి పెడతాను.